అగ్రరాజ్యాల పోటీ, సహకారం

సరిహద్దులు దాటి దూరదేశాల్లోనూ తన మాట చెల్లించుకోగల సైనిక బలం, దాన్ని పోషించగల ఆర్థిక స్తోమత, రెండింటినీ వాడాలన్న పట్టుదల ఉన్న రాజ్యాన్ని అగ్రరాజ్యం అంటారు. ఈ మూడూ ఉన్నా చాలదు. ఆ సరసన అప్పటికే కూర్చున్న రాజ్యాలు ఈ రాజ్యాన్ని తమలో ఒకటిగా ఒప్పుకోవాలి. జర్మన్ చరిత్రకారుడు లియోపోల్డ్ ఫాన్ రాంకె 1833లో అగ్రరాజ్యాల మీద వ్యాసం రాసినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి ఆస్ట్రియా, బ్రిటన్, ఫ్రాన్స్, ప్రష్యా, రష్యా. 1945 తర్వాత ఆ జాబితా దాదాపుగా అమెరికా, సోవియట్ యూనియన్ అనే రెండు పేర్లకు కుదించుకుపోయింది. ఇప్పుడు అమెరికా, చైనా విషయంలో ఎవరికీ పేచీ లేదు. రష్యాను అణ్వాయుధాల వల్ల చేర్చక తప్పదు. ఇండియాను చేర్చాలా అన్నది ఎవరిని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

వీటి మధ్య పోటీ ఒక యుగం, సహకారం మరొక యుగం అని విడదీసి చెప్పడం పాఠ్యపుస్తకాల అలవాటు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ విభజన నిలవదు. 1972 మే 8న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ రేవు చుట్టూ సముద్రంలో మందుపాతరలు వేయిస్తున్నట్టు ప్రకటించాడు. ఆ రేవుకు సరుకు చేరవేసేవి ప్రధానంగా సోవియట్ నౌకలే. అదే నెల 26న అదే నిక్సన్ మాస్కోలో బ్రెజ్నెవ్ పక్కన కూర్చుని అణ్వాయుధ పరిమితి ఒప్పందాల మీద సంతకం చేశాడు. వైరం ఆగలేదు, ఒప్పందమూ ఆగలేదు.

కాబట్టి పోటీ ఉందా, సహకారం ఉందా అని అడగడం కన్నా ఏ సహకారం నిలిచింది, ఏది కాగితానికే పరిమితమైంది అని అడగడం మేలు. రెండు వందల ఏళ్ల అనుభవం చూస్తే జవాబు చాలామటుకు ఒక్క అంశం మీద ఆధారపడి కనిపిస్తుంది. అవతలి పక్షం మాట నిలబెట్టుకుందో లేదో ఇవతలి పక్షం లెక్కపెట్టి తేల్చుకోగలదా?

వియన్నా ఏర్పాటు

నెపోలియన్‌ను ఓడించిన రాజ్యాలు 1814–15లో వియన్నాలో సమావేశమై యూరప్ పటాన్ని తిరగరాశాయి. ఆస్ట్రియా తరఫున మెటర్నిక్, బ్రిటన్ తరఫున కాసల్‌రే, రష్యా తరఫున స్వయంగా జార్ మొదటి అలెగ్జాండర్ కూర్చున్న ఆ సభలో ఓడిన ఫ్రాన్స్ ప్రతినిధి తాలెరాన్‌కు కూడా చోటు దొరికింది. 1818 నాటికి ఫ్రాన్స్ మిగతా నలుగురితో సమానంగా కూటమిలో చేరిపోయింది. ఓడినవాణ్ని బయటే నిలబెట్టకపోవడంలోని విజ్ఞత 1919లో వెర్సాయ్‌లో జర్మనీ పట్ల లోపించింది.

వియన్నా పద్ధతిలో శాశ్వత కార్యాలయం లేదు, ఓటింగు లేదు. సంక్షోభం తలెత్తితే రాయబారులు ఒకచోట కూడి మాట్లాడుకోవాలి, అంతే. అయినా 1853లో క్రిమియా యుద్ధం మొదలయ్యేదాకా, దాదాపు నలభై ఏళ్లు, ఈ అయిదు రాజ్యాలు ఒకదానితో ఒకటి యుద్ధానికి దిగలేదు. రైన్ నది మీద నౌకాయానం కోసం 1815లో ఏర్పరిచిన కమిషన్ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ శాంతికి మూల్యం చెల్లించింది వేరేవాళ్లు. పోలండ్ పంపకంలోనే ఉండిపోయింది. నేపుల్స్ ప్రజలు 1820లో రాజ్యాంగం కోసం తిరగబడితే, మరుసటి ఏడాది అగ్రరాజ్యాల సభ ఆమోదంతో ఆస్ట్రియా సైన్యం వెళ్లి అణచివేసింది. ఆఫ్రికా మీద ఎవరి హక్కు ఎక్కడిదాకా అన్న నియమాలు తేల్చిన 1884–85 బెర్లిన్ సమావేశంలో ఆఫ్రికా నుంచి ఒక్క ప్రతినిధి కూడా లేడు. 1907లో బ్రిటన్, రష్యా తమ మధ్య ఆసియా తగాదా తీర్చుకుంటూ పర్షియాను ప్రాబల్య మండలాలుగా విడగొట్టుకున్నాయి. పర్షియా ప్రభుత్వాన్ని అడగనైనా లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరుగుతాయని మనకో సామెత ఉంది. అవి రాజీపడి ఒకే దారిన నడిచినప్పుడు కూడా విరిగేది లేగల కాళ్లే.

యుద్ధనౌకల లెక్క

ఆయుధాలను అంకెల్లో కుదించే ప్రయత్నం మొదట గట్టిగా జరిగింది నౌకాదళాల విషయంలో. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే కొత్త తరహా యుద్ధనౌకను జలప్రవేశం చేయించాక జర్మనీతో పోటీ తీవ్రమైంది. 1912లో బ్రిటిష్ మంత్రి హాల్డేన్ బెర్లిన్ వెళ్లి మాట్లాడినా ఫలితం రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మళ్లీ అదే పోటీ, ఈసారి అమెరికా, బ్రిటన్, జపాన్ల మధ్య తలెత్తింది. 1921 నవంబరులో వాషింగ్టన్ సమావేశం తొలిరోజే అమెరికా విదేశాంగ మంత్రి హ్యూస్ మర్యాద వాక్యాలతో సరిపెట్టకుండా ఏ దేశం ఏ నౌకలను తుక్కు చేయాలో చదివి వినిపించి అందరినీ నివ్వెరపరిచాడు. చివరికి పెద్ద యుద్ధనౌకల్లో అమెరికా, బ్రిటన్, జపాన్లకు 5:5:3 నిష్పత్తి కుదిరింది. ఫ్రాన్స్, ఇటలీలకు సుమారు 1.67 చొప్పున దక్కింది. జపాన్ పదికి ఏడు అడుగుతున్నా చివరకు ఆరుకు దిగివస్తుందని అమెరికాకు ముందే తెలుసు. జపాన్ రహస్య తంతి సందేశాలను హెర్బర్ట్ యార్డ్లీ బృందం విప్పి చదువుతోంది.

ఈ ఒప్పందం దశాబ్దానికి పైగా నిలవడానికి కారణం సాదాసీదా సంగతి. ముప్ఫై వేల టన్నుల నౌకను ఎవరూ దొడ్లో దాచుకోలేరు. దాన్ని కట్టడానికి ఏళ్లు పడుతుంది, రేవులో అందరికీ కనిపిస్తుంది. లెక్కలోకి రాని రకాల వైపు, అంటే క్రూయిజర్లు, జలాంతర్గాముల వైపు పోటీ మళ్లింది. 1934 చివర జపాన్ వైదొలుగుతున్నట్టు నోటీసు ఇచ్చింది. 1936తో ఆ లెక్క ముగిసింది.

వీటో

నానాజాతి సమితి వైఫల్యం చూసినవాళ్లు ఐక్యరాజ్య సమితిని రూపొందించేటప్పుడు అగ్రరాజ్యాలను లోపల కట్టిపడేసే తాళం ఒకటి పెట్టారు. అదే వీటో, అంటే తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపేసే హక్కు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో రూజ్వెల్ట్, చర్చిల్, స్టాలిన్ దానికి ఒప్పుకున్నారు. దీన్ని అన్యాయం అనడం తేలిక, నిజానికి అది అన్యాయమే. కానీ దాని పని న్యాయం చేయడం కాదు. మెజారిటీ ఓటుతో అయిదుగురు శాశ్వత సభ్యుల్లో ఒకరి మీదికి యుద్ధానికి వెళ్లే పరిస్థితి రాకుండా చూడడం. 1950లో చైనా స్థానం విషయమై అలిగి సోవియట్ ప్రతినిధి భద్రతామండలికి రావడం మానేసిన నెలల్లోనే కొరియాలోకి సైన్యం పంపే తీర్మానాలు నెగ్గాయి. ఆ తర్వాత మాస్కో ఆ కుర్చీ ఖాళీగా వదలలేదు.

క్యూబా తర్వాత

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడినప్పుడు ప్రపంచం అణుయుద్ధం అంచుకు వెళ్లింది. అప్పటి వార్తాసౌకర్యాలు చూస్తే ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దోబ్రీనిన్ సంకేత లిపిలో రాసిన టెలిగ్రాములను తీసుకెళ్లడానికి వెస్టర్న్ యూనియన్ కుర్రవాడు సైకిల్ మీద వచ్చేవాడని ఆయనే తర్వాత రాసుకున్నాడు. క్రుశ్చేవ్ లేఖ అందుకుని అనువదించుకోవడానికి అమెరికన్లకు గంటల తరబడి పట్టింది. క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటే టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులు తొలగిస్తామన్న హామీని అమెరికా రహస్యంగా ఇచ్చింది. ఆ సగం ఒప్పందం చాలాకాలం జనానికి తెలియలేదు.

1963 జూన్ 20న రెండు రాజధానులను నేరుగా కలిపే హాట్‌లైన్ ఒప్పందం కుదిరింది. సినిమాల్లో చూపించే ఎర్ర టెలిఫోను కల్పన. అది టెలిప్రింటర్. మాట తొందరలో జారుతుంది, అనువాదంలో తప్పుపోతుంది కాబట్టి రాతే నయమనుకున్నారు. సంక్షోభంలో దాన్ని మొదట వాడింది 1967లో అరబ్–ఇజ్రాయెల్ యుద్ధమప్పుడు.

1963 ఆగస్టు 5న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ వాతావరణంలో, నీటి అడుగున, అంతరిక్షంలో అణుపరీక్షలు మానుకుంటూ సంతకాలు చేశాయి. భూగర్భ పరీక్షలను మాత్రం వదిలేశారు. గాలిలో పేలిన బాంబు ధూళి ఎంత దూరాన ఉన్నా పట్టిస్తుంది. భూమి అడుగున పేలింది బాంబో, భూకంపమో తేల్చాలంటే అప్పట్లో అక్కడికి మనిషి వెళ్లి చూడాలనేవారు. ఏడాదికి రెండు మూడు తనిఖీలకు మించి క్రుశ్చేవ్ ఒప్పుకోలేదు. అమెరికన్లు కనీసం ఏడన్నారు. ఆ కొద్దిపాటి అంకెల తేడా వల్ల భూగర్భ పరీక్షలు మరో మూడు దశాబ్దాలు సాగాయి.

గూఢచర్యానికి చట్టబద్ధత

తనిఖీ చిక్కుముడి విప్పింది దౌత్యవేత్తలు కాదు, కెమెరాలు. 1955లో ఐసెన్‌హోవర్ ఒకరి గగనతలంలో మరొకరు విమానాలు ఎగరేసి ఫోటోలు తీసుకుందామని ప్రతిపాదిస్తే, అది గూఢచర్యానికి ముసుగని సోవియట్ నాయకత్వం తోసిపుచ్చింది. 1960 మే 1న అమెరికా యూ–2 విమానాన్ని కూల్చివేసింది కూడా. ఆ ఆగస్టులోనే కరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహం నుంచి ఫిల్ము తొలిసారి క్షేమంగా కిందికి దిగింది. సోవియట్లూ తమ ఉపగ్రహాలు పంపారు.

1972 ఒప్పందాల్లో చాలామంది దాటేసే నిబంధన ఒకటుంది. అవతలివారు తమ సొంత సాంకేతిక సాధనాలతో లెక్క చూసుకుంటుంటే అడ్డుపడరాదు, కావాలని దాచిపెట్టరాదు. అంటే, పన్నెండేళ్ల కిందట విమానం కూల్చివేతకు కారణమైన పనికి ఇప్పుడు ఇద్దరూ కలిసి చట్టబద్ధత కల్పించారు. ప్రచ్ఛన్నయుద్ధపు దౌత్యంలో దీనికి మించిన తెలివైన వాక్యం లేదనిపిస్తుంది. సదుద్దేశాల గురించి రాసిన వాక్యాలన్నీ కలిపినా దీని బరువు తూగవు.

1987 డిసెంబరు 8న రేగన్, గోర్బచేవ్ సంతకం చేసిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం ఇంకా లోతుకు వెళ్లింది. 500 నుంచి 5,500 కిలోమీటర్ల శ్రేణి గల, నేల మీది నుంచి ప్రయోగించే క్షిపణులన్నిటినీ ధ్వంసం చేయాలి. మొత్తం 2,692 పోయాయి: సోవియట్లవి 1,846, అమెరికావి 846. అమెరికా తనిఖీదారులు రష్యాలోని వోట్కిన్స్క్ క్షిపణి కర్మాగారం గేటు దగ్గర, సోవియట్ తనిఖీదారులు అమెరికాలోని యూటాలో మాగ్నా అనే ఊళ్లోని కర్మాగారం గేటు దగ్గర కాపురం పెట్టి, బయటికొచ్చే ప్రతి పెద్ద లోడునూ కొలిచేవారు. 2001 దాకా, అంటే ఒక పక్షపు దేశమే కూలిపోయాక కూడా, ఈ కాపలా సాగింది.

1993లో కుదిరిన మరో ఏర్పాటు ప్రకారం రష్యా అణ్వాయుధాల నుంచి తీసిన 500 టన్నుల యురేనియాన్ని పలచన చేసి ఇరవై ఏళ్లపాటు అమెరికా విద్యుత్ కేంద్రాలకు అమ్మారు. ఆ కాలంలో అమెరికా విద్యుత్తులో సుమారు పదో వంతు ఈ ఇంధనం నుంచే వచ్చింది. 1980ల మధ్యలో ప్రపంచంలో దాదాపు 70 వేలకు చేరిన వార్‌హెడ్ల సంఖ్య ఇప్పుడు సుమారు 12 వేలు.

లెక్కలేని ఒప్పందం

ఎదురు ఉదాహరణ కూడా 1972లోనే ఉంది. ఆ ఏడాది సంతకాలకు పెట్టిన జీవాయుధ నిషేధ ఒప్పందంలో తనిఖీ ఏర్పాటు లేదు. సోవియట్ ప్రభుత్వం సంతకం చేసి, మందుల పరిశోధన పేరిట బయోప్రిపరాట్ అనే సంస్థ పెట్టి, ఆ ఆయుధాలను మునుపటికన్నా పెద్ద ఎత్తున తయారు చేసింది. 1979లో స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ లీకై 60 మందికి పైగా చనిపోతే, చెడిపోయిన మాంసం వల్లనని చెప్పారు. 1992లో యెల్త్సిన్ అసలు సంగతి ఒప్పుకున్నాడు.

ఆ రహస్య కేంద్రాల్లో పెంచిన సూక్ష్మజీవుల్లో మశూచి వైరస్ ఉంది. మన ఊళ్లలో అమ్మవారు, పెద్దమ్మవారు అని భయభక్తులతో పిలిచిన ఆ జబ్బును భూమ్మీది నుంచి తుడిచిపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థలో 1958లో ప్రతిపాదించింది కూడా సోవియట్ వైద్యుడు విక్టర్ ఝ్దానోవే. 1967 నుంచి ఉధృతంగా సాగిన ఆ ఉద్యమానికి అమెరికన్ డి.ఏ. హెండర్సన్ నాయకుడు. టీకా మందులో పెద్ద వాటా సోవియట్లది, ఆ మందును పొదుపుగా వేసే రెండు మొనల సూది అమెరికన్ కంపెనీది. ఇండియాలో చివరి కేసు 1975లో, ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదయ్యాయి. 1980 మేలో నిర్మూలన ప్రకటించారు. ఇక్కడ కూడా ఫలితాన్ని ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టగలిగారు. ఒకే రాజ్యం, ఒకే వైరస్, ఒకే దశాబ్దం. కనిపించే చోట సహకారం, కనిపించని చోట మోసం.

మధ్యలో ఉన్న దేశాలు

కొరియా, వియత్నాం, అంగోలా, అఫ్గానిస్థాన్‌లలో అగ్రరాజ్యాల వైరం లక్షల ప్రాణాలు తీసింది. దక్షిణాసియా అనుభవం కొంచెం వేరు. ఇక్కడ దెబ్బలూ తగిలాయి, లాభాలూ దక్కాయి.

1971 జులైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. ఆగస్టు 9న ఇండియా సోవియట్ యూనియన్‌తో మైత్రి ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో ఇండియా, పాకిస్తాన్ల మధ్య యుద్ధం సాగుతున్నప్పుడు భద్రతామండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను సోవియట్ ప్రతినిధి వీటో చేస్తుండగా, ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకతో అమెరికా దళం బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని వెనకే సోవియట్ నౌకలు బయల్దేరాయి. అంతకుముందే, డిసెంబరు 3–4 రాత్రి, విశాఖపట్నం తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది పుట్టుకతో అమెరికా నౌకాదళపు డయాబ్లో. మునిగిన కారణంపై రెండు దేశాల కథనాలు కలవవు. ఇవాళ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా జనం ఎక్కి చూసే కురుసుర, ఇండియా సోవియట్ల నుంచి కొన్న జలాంతర్గామి. ప్రచ్ఛన్నయుద్ధపు రెండు పక్షాల ఉక్కూ ఆ ఒక్క ఊరి దగ్గరే, ఒకటి ఇసుక మీద, ఒకటి సముద్రం అడుగున ఉన్నాయి.

పోటీని వాడుకున్న కథలూ ఉన్నాయి. బొకారో ఉక్కు కర్మాగారానికి సాయంపై అమెరికాలో చిక్కులు రావడంతో సోవియట్లు ముందుకొచ్చారు. తర్వాత విశాఖ ఉక్కుకూ వాళ్ల సహకారమే. హైదరాబాద్‌లో సోవియట్ తోడ్పాటుతో వచ్చిన ఐడీపీఎల్‌లో పనిచేసినవాళ్లే నగరంలోని ప్రైవేటు మందుల పరిశ్రమకు పునాది వేశారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి వారిలో ఒకరు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కారుచౌకగా ఇక్కడి అల్మారాల్లోకి వచ్చాయి. అమెరికా గోధుమలకు ఇండియా రూపాయల్లో చెల్లించిన పీఎల్–480 డబ్బులో కొంత పెట్టి తెలుగు పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపారు.

1975 ఈ ద్వంద్వానికి చక్కని ఏడాది. ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ ఆర్యభట్టను కక్ష్యలోకి చేర్చింది. జులై 17న అపోలో, సోయజ్ నౌకలు అంతరిక్షంలో కలిశాయి. చొప్పించేవాడెవరు, చొప్పించుకునేవాడెవరు అన్న పట్టింపు రాకుండా రెండు వైపులా ఒకేలా ఉండే అనుసంధాన యంత్రం ప్రత్యేకంగా తయారుచేశారు. ఆగస్టు 1న హెల్సింకీలో 35 దేశాలు యూరప్ సరిహద్దుల మీద, మానవహక్కుల మీద సంతకాలు చేశాయి. సరిగ్గా ఆ రోజే నాసా ఉపగ్రహం ద్వారా ఇండియాలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి.

సిద్ధాంతకారులు

పైన ధర్మకర్త లేని ప్రపంచంలో ప్రతి రాజ్యం తన బలాన్నీ భద్రతనూ తానే చూసుకుంటుందని హాన్స్ మార్గెంథావ్, కెన్నెత్ వాల్ట్జ్ వంటి వాస్తవికవాదులు అన్నారు. ఒకరి ఆత్మరక్షణ మరొకరికి దాడి సన్నాహంగా కనిపించే చిక్కును జాన్ హెర్జ్ 1950లో వివరించాడు. 1984లో రాబర్ట్ కియోహేన్ సంస్థల పాత్రను, రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ పదేపదే ఎదురుపడే ప్రత్యర్థుల మధ్య సహకారం ఎలా పుడుతుందో వేర్వేరు పుస్తకాల్లో చూపారు. ఎదుగుతున్న శక్తి, పాత శక్తి తలపడిన 16 సందర్భాల్లో 12 యుద్ధానికి దారితీశాయని గ్రాహం ఆలిసన్ 2017లో లెక్క చెప్పాడు. ఏ సందర్భాలను లెక్కలోకి తీసుకున్నాడన్న దాని మీద విమర్శలు చాలా ఉన్నాయి. ఒకరితో సంధి, మరొకరితో విగ్రహం (వైరం) ఒకేసారి నడపడాన్ని ద్వైధీభావం పేరిట ఆరు గుణాల్లో ఒకటిగా ఎంచిన కౌటిల్యుడికి ఈ చర్చ కొత్తగా అనిపించి ఉండేది కాదు.

అమెరికా, చైనా

సోవియట్, అమెరికా దేశాల మధ్య వ్యాపారం నామమాత్రం. అమెరికా, చైనాల సంగతి అలా కాదు. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక రెండు ఆర్థిక వ్యవస్థలూ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయి. 2014లో ఒబామా, షీ జిన్‌పింగ్ బీజింగ్‌లో చేసిన ఉమ్మడి ప్రకటన మరుసటి ఏడాది పారిస్ వాతావరణ ఒప్పందానికి దారి వేసింది. 2018లో సుంకాల యుద్ధం మొదలైంది. 2022 అక్టోబరులో అమెరికా అధునాతన చిప్‌ల ఎగుమతికి కళ్లెం వేసింది. చైనా గాలియం, జెర్మేనియం, అరుదైన ఖనిజాలతో బదులిచ్చింది. 2025 అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ కలిసి తాత్కాలిక విరామానికి ఒప్పుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఎదుటివారి గొంతు ఉన్నందువల్లే అది కుదిరింది.

అణ్వాయుధాల విషయంలో పాత లెక్కల పుస్తకం మూతపడుతోంది. మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం నుంచి 2019లో అమెరికా తప్పుకుంది. మోహరించిన వార్‌హెడ్లను చెరి 1,550కి పరిమితం చేసిన 2010 నాటి న్యూ స్టార్ట్ ఒప్పందంలో పాల్గొనడాన్ని 2023 ఫిబ్రవరిలో రష్యా నిలిపివేసింది. దాని గడువు తేదీ 2026 ఫిబ్రవరి 5. చైనా వద్ద సుమారు 600 వార్‌హెడ్లు ఉన్నాయని అంచనా. అమెరికా, రష్యాల దగ్గర అంతకు ఎన్నో రెట్లున్నప్పుడు మూడో కుర్చీలో తామెందుకు కూర్చోవాలన్నది బీజింగ్ వాదన. 2023 నవంబరులో మొదలైన అమెరికా–చైనా ఆయుధ నియంత్రణ సంప్రదింపులను తైవాన్‌కు ఆయుధాల అమ్మకంపై నిరసనగా 2024 జులైలో చైనా ఆపేసింది.

అదే ఏడాది నవంబరులో పెరూ రాజధాని లీమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒక మాట మీద ఏకీభవించారు: అణ్వాయుధాల వాడకంపై నిర్ణయం కృత్రిమ మేధకు వదలకుండా మనిషి చేతిలోనే ఉండాలి. తనిఖీ నిబంధన ఏదీ అందులో లేదు. నౌకను రేవులో చూడొచ్చు, క్షిపణి గొట్టాన్ని ఉపగ్రహం ఫోటో తీస్తుంది. ఒక దేశపు ఆదేశ వ్యవస్థలో ఏ ప్రోగ్రాము ఏ నిర్ణయం తీసుకుంటోందో బయటి నుంచి లెక్కపెట్టే సాధనం ఇప్పటికి ఇద్దరి దగ్గరా లేదు.